కథలో గతము చెప్పవలసిన చోటు

ప్రతి సంవత్సరమును ఈ సంచికకై బాలబాలికలు వ్రాసి తెచ్చు కథలను మేము శ్రద్ధగా చదువుచుందుము. వానిలో పెక్కింటికి ఒకటే లోపము. నాయకుని పుట్టుక, తండ్రి వృత్తి, ఊరి వర్ణనము ముగియునప్పటికి కాగితము ముగియును. అసలు సంగతి చివరి నాలుగు పంక్తులలో ఇరుకుకొని యుండును. పిల్లలను తప్పుపట్టజాలము. 'అనగనగా ఒక రాజు' అని మొదలిడుట నేర్పినవారము మనమే గదా!

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో వెలువడినది. రాత్రి ఆలస్యముగా ఇల్లు చేరిన భర్త భార్యను పిలుచుటతో ఆ కథ మొదలగును. ఆమె పలుకదు. గోపాలరావు ఆ రాత్రి ఎక్కడికి పోయెనో అతని తలపులలోనే మొదట తెలియును; కమలిని మనసులోని కలతను మాత్రము రచయిత ముందుగా చెప్పలేదు. అది నౌకరు రామునితో జరిగిన మాటలలోను, కమలిని వ్రాసి యుంచిన ఉత్తరములోను బయటపడును. తెలిసికొనవలెనను ఆతురత పాఠకునకు కలిగిన పిదపనే గతము వచ్చినది. దానినే మొదటి పేరాలో పెట్టియున్నచో పొరుగింటివారిపై చెప్పిన చాడీవలె నుండెడిది.

ఇది ఇంగ్లీషు నవలలనుండి వచ్చిన వింతయని కొందఱనుకొందురు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రచించిన 'కళాపూర్ణోదయము' నడుమనుండి మొదలై, మూలవృత్తాంతమును ఎంతో దూరము పోయిన పిదపగాని విప్పదు. మొదటిసారి చదువువారు దారి తప్పుదురు, మేమును తప్పితిమి.

భాషలో ఒక మెలకువ కలదు. జరిగినదానికంటె ముందు జరిగినదానిని 'వెళ్లియుండెను' అని సూచింతుము. ఆ రూపమునే ప్రతి వాక్యమునకు తగిలించినచో నడక కుంటుపడును. మొదటి ఒకటి రెండు వాక్యములకు చాలును. తరువాత 'వెళ్లెను', 'చూచెను' అని సాగింపవచ్చును. తిరిగివచ్చునప్పుడు మాత్రము గుర్తుండవలెను. ఒక చెంబును చూచి పాత్ర గతములోనికి పోయినచో, ఆ చెంబు దగ్గఱకే తిరిగి రావలెను.

ఇక మా పొరపాటొకటి చెప్పవలసియున్నది. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, పాత భోషాణమును అమ్మనొల్లని అవ్వను గూర్చి కథ వ్రాసినది. బేరగాడు గుమ్మములో నిలిచియుండగానే ఆఱు పంక్తుల గతము వచ్చినది: కఱవునాడు ఊరు విడిచిన కుటుంబము బండిపై తెచ్చుకొన్న వస్తువు అదొక్కటేనట. కథకు అడ్డమని మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. ఆ బాలిక మెల్లగా, "అయ్యవారూ, అది తీసేస్తే అవ్వ ఎందుకు ఏడ్చినట్టు?" అని యడిగినది. మాకు సమాధానము తోచలేదు. ఆ పంక్తులను మరల చేర్చి, బేరగాడు రూపాయలు లెక్కపెట్టి చేతికీయబోవు చోటికి జరిపితిమి. ఇప్పుడు అవ్వ చేయి చాపకపోవుట చదువువారికి అర్థమగును. తప్పు గతమును చెప్పుటలో లేదు. కొంచెము తొందరపడి చెప్పుటలో నుండినది.

ఆ ఆఱు పంక్తులును ఆమెకు సొంత అవ్వ చెప్పినవే. అదే తరగతి బాలుడొకడు తాతను గూర్చి వ్రాయబోయి, నడుమ ఖాళీ విడిచి తెచ్చినాడు. ఏమని యడుగగా, ఇంటిలో అడిగితే "అవన్నీ నీకెందుకు, లెక్కలు చేసుకో" అన్నారని చెప్పినాడు. వీథిలో వేఱు భాష వినుచు పెరుగు మన పిల్లలకు, తాతలు ఏ ఊరినుండి ఏల వచ్చిరో తెలుగున చెప్పువారు ఇంటివారు దక్క మఱెవ్వరు? అప్పుల సంగతియో, అన్నదమ్ముల తగవో చెప్పుటకు కష్టముగా నుండవచ్చును. చెప్పగలిగినంతయే చెప్పుడు. ఏది ఎక్కడ పెట్టవలెనో తరగతిలో మేము చూచుకొందుము.

భోషాణము కథ ఈ సంచికలోనే యున్నది; ఆఱు పంక్తులును ఉన్నవి. ఆ బాలుని కాగితము ఖాళీతోనే మా బల్లపై నున్నది.