సొత్తు మనదే, మరి నమోదు?

అద్దెకిచ్చిన వస్తువుకు యజమాని ఎవరని అడిగితే, ఇచ్చినవాడే అని ఎవరైనా చెబుతారు. ఇజారా ఒప్పందానికీ అదే పునాది: వాడుకునే హక్కు అద్దెదారుది, వస్తువు యజమానిది. కానీ అద్దెకు తీసుకున్న కంపెనీ దివాలా తీస్తే ఆ మాట ఒక్కటే మన సొత్తును కాపాడుతుందా? యంత్రాలు, వాహనాలు అద్దెకిచ్చే వ్యాపారంలో పెట్టుబడి పెట్టే దాతలకు ఉపయోగపడుతుందని తలచి, ఆస్ట్రేలియాలో జరిగిన రెండు వ్యవహారాలను ఇక్కడ వివరిస్తున్నాము.

ఆ దేశంలో చరాస్తి హామీల చట్టం 2009లో ఆమోదం పొంది, 2012 జనవరి 30 నుంచి అమలవుతోంది. దీర్ఘకాలపు లీజును కూడా అది అప్పుకు పెట్టుకున్న హామీలాగే చూస్తుంది. మొదట ఏడాది దాటిన లీజులకు వర్తించిన ఈ నియమం 2017 మే నుంచి రెండేళ్లు దాటిన లీజులకు వర్తిస్తోంది. లీజు ఇచ్చినవారు తమ హక్కును ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేసుకోవాలి. చేసుకోకుండా ఉండగా అద్దెదారు దివాలా ప్రక్రియలోకి వెళితే, ఆ హక్కు అద్దెదారు కంపెనీకే చెందిపోతుంది.

2013లో ఫోర్జ్ గ్రూప్ పవర్ అనే కంపెనీ పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక తాత్కాలిక విద్యుత్ కేంద్రం కోసం నాలుగు గ్యాస్ టర్బైన్లను అద్దెకు తీసుకుంది. లీజు నమోదు కాలేదు. 2014 ఫిబ్రవరిలో ఫోర్జ్ కుప్పకూలింది. తాము క్రమంగా అద్దె వ్యాపారం చేసేవారము కామని, టర్బైన్లు నేలకు బిగించినవి కనుక చరాస్తి కాదని యజమానులు వాదించారు. విప్పి వేరేచోటికి తరలించేందుకు వీలుగా తయారైన యంత్రాలవి. న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు 2016లో, అప్పీలు కోర్టు 2017లో ఆ వాదనలను తోసిపుచ్చాయి. కోట్ల డాలర్ల యంత్రాలు చేజారిపోయాయి.

రెండో వ్యవహారంలో నమోదు జరిగింది. వన్‌స్టీల్ కంపెనీకి రాళ్లు పగలగొట్టే యంత్రాన్ని అద్దెకిచ్చినవారు కంపెనీ నంబరు రాయవలసిన చోట వ్యాపార నంబరు రాశారు. ఆ రిజిస్టరులో వెతికేది నంబరు ఆధారంగానే కనుక, సరైన నంబరుతో వెతికినవారికి ఆ నమోదు కనిపించదు. అది చెల్లదని 2017లో కోర్టు తేల్చింది.

ఇది అన్యాయం కదా అనిపించవచ్చు. అయితే అప్పిచ్చేవాడికి కనిపించేది కంపెనీ ఆవరణలో నిలబడి ఉన్న యంత్రమే. అది పరుల సొత్తని తెలుసుకోవడానికి అతనికి రిజిస్టరు తప్ప దారి లేదు. మౌనంగా ఉన్న యజమాని వల్ల తెలియనివారు మోసపోకూడదన్నదే ఆ చట్టం ఉద్దేశం.

మన దేశంలో పద్ధతి వేరు. 2016 నాటి దివాలా స్మృతి 18వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం మీద కంపెనీ చేతిలో ఉన్న పరుల సొత్తు దాని ఆస్తిలో కలవదు. అయినా మారటోరియం నడుస్తుండగా యజమాని దాన్ని వెనక్కు తెచ్చుకోలేడు. ఇక కంపెనీ తన ఆస్తిపై మనకు ఛార్జ్ రాసిస్తే, మామూలుగా 30 రోజుల్లో నమోదు కావాలి. నమోదు కాని ఛార్జ్‌ను లిక్విడేటర్ లెక్కలోకి తీసుకోడని కంపెనీల చట్టం 77వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి వస్తువు గడప దాటకముందే మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఆ దేశంలో నమోదు అవసరమా? గడువు ఎంత? పేరు, నంబరు సరిగ్గా పడ్డాయా? ఆస్ట్రేలియాలో కంపెనీకిచ్చే లీజు అయితే ఒప్పందం అమలైన 20 పనిదినాల్లో నమోదు చేయడం క్షేమం. అందుకయ్యే రుసుము కొద్ది డాలర్లే. నిర్లక్ష్యం చేస్తే పోయేది మొత్తం సొత్తు.