హోం థియేటర్‌లో హమ్మింగ్: చేయవలసినవి, చేయకూడనివి

"అన్నా, ప్లగ్గులో ఆ లావు పిన్ను పీకేస్తే మోత పోద్ది."

దమ్మపేటలో గానీ, సత్తుపల్లిలో గానీ, అశ్వారావుపేటలో గానీ హోం థియేటర్ కొన్నవాళ్లు ఈ మాట ఎవరో ఒకరి నోట వినే ఉంటారు. చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. పిన్ను పీకేస్తే చాలాసార్లు మోత పోతుంది. దాంతోపాటు, ఆ సెట్టులో ఎప్పుడైనా కరెంటు లీకైతే మనిషిని కాపాడవలసిన తీగ కూడా పోతుంది. పాట బాగా వినపడాలని పిల్లలు తిరిగే గదిలో అంత ప్రమాదం పెట్టుకోకూడదు. మోత తగ్గించుకోవడానికి వేరే దార్లున్నాయి. చాలావాటికి పైసా ఖర్చు లేదు.

మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లో ఆవిరి టర్బైను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 50. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశమంతటా గ్రిడ్డుకు కరెంటిచ్చే జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతున్నాయి. ఆ లయ పాటలోకి చొరబడి స్పీకర్లో వినపడితే దాన్నే మెకానిక్కులు హమ్మింగ్ అంటారు. కాబట్టి అడగవలసింది ఒకటే: గోడ లోపల ఉండవలసిన కరెంటు ఏ దారిన పాటలోకి వచ్చింది?

ముందు ఆ దారి పట్టుకోండి

మొదట చెవి దగ్గర పెట్టి, మోత స్పీకర్లోంచి వస్తోందా, డబ్బాలోంచే వస్తోందా వినండి. డబ్బానే గుయ్‌మంటుంటే అది లోపలి ట్రాన్స్‌ఫార్మర్ రేకుల చప్పుడు. పొద్దుపోయాక బోరు మోటార్లు ఆగి వోల్టేజి పెరిగినప్పుడు ఈ చప్పుడు ఎక్కువవుతుంది. రోజూ రాత్రిపూట వోల్టేజి 250 దాటుతుంటే అది సెట్టు తప్పు కాదు, లైన్‌మన్‌కు చెప్పండి.

స్పీకర్లోంచి వస్తుంటే వాల్యూమ్ తిప్పి చూడండి. వాల్యూమ్‌తో పాటు మోత కూడా పెరిగి తగ్గుతుంటే తప్పు ఆంప్లిఫయర్‌కు ముందే ఉంది: సెట్‌టాప్ బాక్సు, టీవీ, ల్యాప్‌టాప్, లేదంటే వాటి నుంచి వచ్చే వైర్లు. వాల్యూమ్ సున్నా చేసినా మోత అంతే ఉంటే సాధారణంగా తప్పు ఆంప్లిఫయర్ లోపలే. మన దగ్గర ఇంకా కనిపించే అసెంబుల్ సెట్లలో, అంటే 4440 ఐసీ బోర్డూ 12-0-12 ట్రాన్స్‌ఫార్మరూ పెట్టి కట్టినవాటిలో, ఫిల్టర్ కెపాసిటర్ నాలుగైదేళ్లకే నీరసిస్తుంది. లావుపాటి గొట్టంలా ఉండి, పైమూత కాస్త ఉబ్బి కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. అప్పుడొచ్చే మోత 50 కాదు, దానికి రెట్టింపు 100. కొంచెం గరగరలాడుతూ వస్తుంది. అది మెకానిక్ పని, మీది కాదు. ఎందుకో కింద చెబుతాను.

ఫ్యాను రెగ్యులేటర్ తిప్పినప్పుడల్లా జర్రుమనే చప్పుడు మారుతుంటే దోషి ఆ రెగ్యులేటరే. ఎక్కువ వెతకనక్కర్లేదు.

చేయవలసినవి

సెట్టు ఆపండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు బయటికి లాగండి. ఆంప్లిఫయర్ వెనక గుచ్చిన వైర్లలో స్పీకర్లవి తప్ప మిగతావన్నీ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. మోత పోయిందా? అయితే ఆంప్లిఫయర్ మంచిదే. ఇప్పుడు ఒక్కొక్క వైరూ పెట్టుకుంటూ రండి. ప్రతిసారీ ఆపాకే గుచ్చాలి. నడుస్తుండగా పిన్ను గుచ్చితే ఢామ్మని వచ్చే దెబ్బకు స్పీకరు కాయిల్ పోయే ప్రమాదం ఉంది. ఏ వైరు పెట్టగానే మోత తిరిగొచ్చిందో అదే మీరు వెతుకుతున్న దారి.

ఎక్కువ ఇళ్లలో ఆ వైరు కేబుల్ టీవీది. దాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మధ్యలో సన్నటి రాగి తీగ, చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దాని మీద వెండిరంగు జల్లెడ అల్లిక, ఆపైన నల్లటి తొడుగు. ఆ జల్లెడ వీధిలో స్తంభాల మీదుగా వెళ్లి, ఆపరేటర్ బూస్టర్ దగ్గర ఎక్కడో ఎర్త్‌కు కలిసి ఉంటుంది. మీ సెట్టుకు మీ ఇంటి ఎర్త్ వేరే ఉంది. రెండు చోట్ల నేలకు కలిసిన రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా వల్ల కేబుల్ జల్లెడ గుండా, ఆడియో వైరు మీది జల్లెడ గుండా సన్నగా కరెంటు పారుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఇంకో సంగతి ఉంది, నేను ఎక్కువ భయపడేది దానికే. మీ ఇంటి ఎర్త్ గుంత ఎండిపోయి పనిచేయకపోతే టీవీ, బాక్సు, ఆంప్లిఫయర్‌ల నుంచి సహజంగా వచ్చే కొద్దిపాటి లీకేజీ అంతా పోవడానికి వేరే దారి లేక ఆ కేబుల్ జల్లెడనే పట్టుకుని వీధిలోకి పోతుంది. అలాంటి ఇంట్లో హమ్మింగ్ అంటే ఎర్త్ చచ్చిపోయిందని సెట్టు చెబుతున్నట్టు. దాని నోరు నొక్కితే ఇక చెప్పేవాళ్లుండరు.

గ్రౌండ్ లూప్‌కు మందులు సులువు. టీవీ, బాక్సు, ఆంప్లిఫయర్, సబ్ వూఫర్ అన్నిటినీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి, ఒకే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపండి. చాలా కేసులు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతే కేబుల్ వైరుకు గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టమని ఆపరేటర్‌ను అడగండి, ఆడియో వైరుకైతే ఆడియో ఐసొలేటర్ ఉంటుంది. టీవీకీ సెట్టుకూ ఆప్టికల్ రంధ్రం ఉంటే ఆ వైరు వాడండి. అందులో నడిచేది వెలుగు, కరెంటు కాదు. రెండు డబ్బాల మధ్య రాగి బంధమే ఉండదు కనక లూప్ అక్కడే తెగిపోతుంది. హెచ్‌డీఎంఐ వైరు అలా కాదు, అందులో గ్రౌండ్ తీగ కూడా ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టి ఆక్స్ వైరుతో వింటున్నప్పుడు మోత వస్తే ఛార్జర్ తీసి చూడండి. పోయిందంటే తప్పు ఛార్జర్ దారిలో ఉంది. సినిమా అయ్యేదాకా బ్యాటరీ మీద నడపండి, లేదా బ్లూటూత్‌తో కలపండి.

ఆడియో వైర్లను కరెంటు వైర్లతో కలిపి కట్టకండి. ఒక అడుగు ఎడం ఉంచండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. ఇన్వర్టర్ మీదకు మారినప్పుడే మోత వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. సైన్ వేవ్ దాంతో ఈ బాధ చాలా తక్కువ.

చేయకూడనివి

ఎర్త్ పిన్ను పీకకండి, విరగ్గొట్టకండి, లోపలి పచ్చ తీగ విప్పకండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చకండి. ఇనప డబ్బా ఉన్న సెట్టు లోపల ఫేజ్ తీగ ఇన్సులేషన్ చెడి డబ్బాకు తగిలిందనుకోండి. ఎర్త్ గట్టిగా ఉంటే ఫీజు ఎగిరిపోతుంది లేదా ట్రిప్పర్ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏమీ జరగదు. పాట వస్తూనే ఉంటుంది. తడిచేత్తో ఎవరో వాల్యూమ్ తిప్పేదాకా తెలియదు.

సాకెట్‌లో ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌తో కలపకండి. గుంత తవ్వే ఖర్చు తప్పించుకోవడానికి ఈ పని చేసేవాళ్లున్నారు. టెస్టర్‌కు తేడా తెలియదు, మీటర్‌కూ తెలియదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. ఏ గాలివానకో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందంటే మాత్రం ఇంట్లో బల్బుల గుండా, ఫ్యాన్ల గుండా ఫేజ్ వెనక్కి వచ్చి ఫ్రిజ్జు తలుపు మీద, గ్రైండర్ మీద, హోం థియేటర్ డబ్బా మీద ఒకేసారి కూర్చుంటుంది. ఇంతకంటే చెడ్డ వైరింగ్ నాకు తోచదు.

బోరు పైపుకో నీళ్ల పంపుకో ఎర్త్ తీగ చుట్టకండి. ఎర్త్‌నే న్యూట్రల్ చేసి బల్బు వెలిగించడం కూడా అలాంటిదే.

డబ్బా విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది. ముఖ్యంగా కొత్తరకం సెట్లలోని ఎస్ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై) బోర్డు మీద 300 వోల్టులకు పైగా ఉండే కెపాసిటర్ ఉంటుంది. దాన్ని ముట్టుకుని బతికినవాళ్లు మళ్లీ ముట్టుకోరు.

కేబుల్ వైరు లాగినప్పుడు చేతికి జిల్లుమంటే వదిలేయండి, ఆపరేటర్‌కు కబురు చేయండి. ఆ వైరు ఎన్ని స్తంభాల మీద, ఎన్ని కరెంటు తీగల పక్కన వేలాడుతూ వచ్చిందో మీకు తెలియదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, నగరంలో స్తంభాల మీది కేబుల్ వైర్లు తీయించే పని ముమ్మరం చేశారు. పల్లెల్లో స్తంభాల మీది వైర్లను కూడా అదే జాగ్రత్తతో చూడాలి.

ఉరుములు దగ్గరయ్యాక వైర్లు పీకబోకండి. మబ్బు పట్టగానే, చినుకు పడకముందే ప్లగ్గూ కేబుల్ వైరూ రెండూ తీసేయండి. ఒక్కటి తీసి ఒక్కటి ఉంచితే ఫలితం లేదు.

ఎర్త్ సంగతి

వేసవిలో ఎర్ర నేల ఆరిపోయినప్పుడు ఎర్త్ గుంత బలం తగ్గుతుంది. పామాయిల్ తోటల మధ్య ఇళ్లున్నవాళ్లకు నేలలో తడి ఉంటుంది కాబట్టి కొంత నయం. ఊళ్లో సిమెంటు ముంగిలి కింద గుంత పూడ్చేసినవాళ్లకు నీళ్లు పోసే దారి కూడా ఉండదు. గుంతలో కనీసం రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ, పైన నీళ్లు పోసే గరాటు ఉండాలి. ఎండాకాలంలో వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి.

ఒక చిన్న లెక్క చూడండి. ఎర్త్ నిరోధం 50 ఓంలు ఉందనుకుందాం. 230 వోల్టుల ఫేజ్ డబ్బాకు తగిలితే పారే కరెంటు 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ట్రిప్పర్ దానికి కదలను కూడా కదలదు. డబ్బా మీద వోల్టేజి అలాగే ఉండిపోతుంది. అందుకే ఎర్త్ ఎంత బాగున్నా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోవాలి. అంత కొద్దిపాటి లీకేజీకే అది సెకనులో మూడో వంతు లోపల కరెంటు ఆపేస్తుంది. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. పడిపోకపోతే మార్పించండి. ఆర్‌సీసీబీ పెట్టగానే పదేపదే పడిపోతుంటే దాన్ని తీసేయమనేవాళ్లు వస్తారు. వాళ్ల మాట వినకండి. ఇంట్లో ఎక్కడో లీకేజీ ఉంది, అది వెతికించండి.

ముట్టుకుంటే డబ్బా సన్నగా జిల్లుమనడం వేరే సంగతి. ఎస్ఎంపీఎస్ ఉన్న వస్తువుకు ఎర్త్ అందకపోతే దాని ఇనప భాగాల మీద సుమారు 115 వోల్టులు కనిపిస్తాయి. కరెంటు మరీ స్వల్పం కాబట్టి వెంటనే ప్రాణాపాయం ఉండదు. కానీ ఎర్త్ లేదన్న సంగతి మీ వేలికి తెలిసిపోయింది కదా, ఇంకా ఆగకండి.

అమెరికా నుంచి తెచ్చిన సెట్టు

మన వైపు చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నారు. వస్తూ వస్తూ సెట్టొకటి తెస్తారు. అక్కడ 120 వోల్టులు, 60 ఆవృత్తులు. వెనక చీటీ మీద 100-240 అని లేకపోతే నేరుగా గుచ్చకండి, కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే మూడో పిన్ను ఇటు నుంచి అటు నిజంగా కలిసి ఉన్నదే కొనండి. చాలావాటికి రంధ్రం ఉంటుంది గానీ లోపల తీగ ఉండదు. పైగా అవి ఎక్కువగా ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వోల్టేజి తగ్గిస్తాయే తప్ప గోడ కరెంటు నుంచి సెట్టును విడదీయవు.

వెంటనే మెయిన్ ఆపవలసినప్పుడు

మోత ఒక్కసారిగా పెరిగి, అదే సమయంలో ఒక గదిలో లైట్లు మరీ ప్రకాశంగా, ఇంకో గదిలో మసగ్గా మారుతుంటే, లేదా ఇంటి లైట్లన్నీ మిరుమిట్లు గొలుపుతుంటే అది న్యూట్రల్ తెగిన గుర్తు. ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. ఎవరికైనా షాక్ కొట్టి అంటుకుపోతే ఉత్త చేతులతో లాగకండి. ముందు మెయిన్ ఆపండి, కుదరకపోతే ఎండు కర్రతో విడదీయండి, అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేయండి.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు హోం థియేటర్ సాకెట్ దగ్గర ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూడమనండి. మీటర్ ఒక్కటే చాలదు. బలహీనమైన ఎర్త్ మీద కూడా అది 230 చూపిస్తుంది. లోడ్ పెట్టి చూసినప్పుడు కూడా వోల్టేజి నిలబడుతోందా అని అడగండి. ఆ తరవాత బోర్డు విప్పించి, ఎర్త్ పిన్ను నుంచి బయలుదేరిన పచ్చ తీగ గుంత దాకా వెళ్తోందో, పక్కనున్న న్యూట్రల్‌కు చుట్టేసి ఉందో మీ కళ్లతో చూసుకోండి.