పంటకోత పరీక్ష – కర్షకుని కర్తవ్యము

1938 జనవరిలో కలకత్తా నగరమున ప్రథమ భారత గణాంకశాస్త్ర మహాసభ జరిగెను. వ్యవసాయ పరిశోధనలకు గణితమును జోడించిన ఫిషరు పండితుడు అధ్యక్షత వహించెను. ఆ శాస్త్రము మన పొలమునకెట్లు వచ్చినదో తెలిసికొందము.

పూర్వము దిగుబడికి గ్రామోద్యోగి కంటి యంచనాయే ఆధారము. మహలనోబిసుగారు 1937లో వంగదేశపు జనపనార పంట లెక్కకు, యాదృచ్ఛికముగా నేరిన కొన్ని స్థలములను మాత్రమే పరిశీలించు పద్ధతిని ప్రారంభించిరి. కోతమడి మిక్కిలి చిన్నదైనచో అంచు దుబ్బులు లోపల జేరి దిగుబడి హెచ్చుగా గన్పట్టునని సుఖాత్మేగారు 1940 దశకమున నిరూపించిరి.

నేడు వరికి సామాన్యముగా 5 మీటర్ల చదరపు మడిని కోసి, నూర్చి, తూచుదురు. హెక్టారు దానికి 400 రెట్లు. మడిలో 10 కిలోలు తూగినచో హెక్టారునకు 4,000 కిలోలు. కావున తూకమున ఒక్క కిలో తప్పిన 400 కిలోలు తప్పును. పంట బీమా పరిహారమునకు తఱచుగా నీ లెక్కయే ఆధారము.

మడిని ఏపైన చోటికి జరిపినచో గ్రామమునకు కలిగిన నష్టము మఱుగుపడును. చెడిన చోటికి జరిపినచో లెక్క యబద్ధమై విశ్వాసము నశించును. కనుక చీటి చూపిన చోటనే కోయనిండు. కోతనాడు పొలముననే యుండుడు. తాడు సరిగా బిగించిరో లేదో చూడుడు. అంచు దుబ్బుల విషయమున జాగ్రత్త వహింపుడు. తూకమును మీ పుస్తకమున వ్రాసికొనుడు.