ముందు రాయండి, తర్వాత వదలండి

అయిదు మీటర్ల ఎత్తు నుంచి కోడిగుడ్డు వదిలితే నేలను తాకేసరికి దాని వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది. అయినా పగలకూడదు. చేతిలో ఉన్నవి కాస్త కాగితం, నాలుగు స్ట్రాలు, టేపు. అమెరికా హైస్కూళ్లలో ఫిజిక్స్ చదివే పిల్లలకు ఈ ‘ఎగ్ డ్రాప్’ బాగా తెలిసిన ప్రాజెక్టే. మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో దీని గురించి మాట్లాడటానికి బయటివాళ్లెవరూ అక్కర్లేదు. డెట్రాయిట్ శివారులోని ఈ ఊళ్లోనే నిస్సాన్ టెక్నికల్ సెంటర్ ఉంది, బాష్ కంపెనీ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది. చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో అమ్మో నాన్నో కార్ల కంపెనీలోనో, వాటికి విడిభాగాలు చేసే కంపెనీలోనో ఉద్యోగం చేయడం మామూలు. స్కూల్లో పిల్లలు గుడ్డు కోసం పడే తంటాలే అక్కడ పెద్దలు కారులో కూర్చున్న మనిషి కోసం పడుతుంటారు.

ఇలాంటి ప్రాజెక్టులకు వచ్చిన మార్కులు ఏడాది తిరిగేసరికి గుర్తుండవు. ఒక అలవాటు మాత్రం పట్టుబడితే జీవితాంతం పనికొస్తుంది. పని మొదలుపెట్టే ముందే ఏం జరుగుతుందో రాసిపెట్టుకోవడం. అది పట్టుబడాలంటే ఈ నాలుగూ పాటించండి.

1. అంచనా కాగితం మీద ఉండాలి

గుడ్డు పగలకూడదంటే ఎవరికైనా ముందు తట్టేది గట్టి డబ్బా. లెక్క వేసి చూడండి. అయిదు మీటర్లు పడిన గుడ్డు అయిదు సెంటీమీటర్ల దూరంలో ఆగితే దాని మీద పడే బలం సగటున దాని బరువుకు దాదాపు 100 రెట్లు. అదే గట్టి డబ్బాలో అయిదు మిల్లీమీటర్లలోనే ఆగిందా, 1000 రెట్లు! కాబట్టి గుడ్డును కాపాడేది డబ్బా గట్టిదనం కాదు, ఆగడానికి దొరికే దూరం. కారు ముందు భాగాన్ని గుద్దుకున్నప్పుడు నలిగిపోయేలా కావాలనే తయారు చేయడంలో కిటుకు కూడా ఇదే.

ఈ పాఠం అందరికీ ఒకేలా అందదు. ‘గట్టి డబ్బా కాపాడుతుంది’ అని ముందే రాసిన విద్యార్థికి తన ఆలోచన ఎక్కడ బెసికిందో కళ్లెదుట కనిపిస్తుంది. రాయనివాడు పగిలిన గుడ్డును చూసి ‘నాకు ముందే తెలుసు’ అంటాడు. అబద్ధమాడాలని కాదు, నిజంగానే అలా అనిపిస్తుంది. ఫలితం చూశాక మనసు పాత అంచనాను చడీచప్పుడు లేకుండా మార్చేసుకుంటుంది. కాగితం మార్చుకోలేదు.

2. ఒకసారికి ఒకటే మార్పు

ఎలుకల బోను స్ప్రింగుతో నడిచే చిన్న కారు మరో ప్రసిద్ధ ప్రాజెక్టు. కారు సగం దూరం వెళ్లి ఆగిపోతే పిల్లలు ఏం చేస్తారు? చక్రాలు మార్చి, ఇరుసుకు నూనె పూసి, దారం లాగే కడ్డీని పొడవు చేసి మళ్లీ వదులుతారు. ఈసారి దూరం వెళ్తుంది. ఏ మార్పు వల్ల వెళ్లిందో ఎవరికీ తెలియదు!

కడ్డీ ఒక్కటే మార్చి చూడండి. పొడవు కడ్డీ దారాన్ని ఎక్కువ దూరం లాగుతుంది, చక్రాలు ఎక్కువసార్లు తిరుగుతాయి, కాని లాగే బలం తగ్గుతుంది. కారు నెమ్మదిగా, దూరంగా వెళ్తుంది. మరీ పొడవు చేస్తే అసలు కదలదు. స్ప్రింగులో ఉన్న శక్తి అంతే, దాన్ని వేగానికి ఖర్చు పెడతారా, దూరానికా అన్నది మీ ఇష్టం. నిద్రవేళ, ట్యూషను, పుస్తకాలు అన్నీ ఒకే వారంలో మార్చి ‘ఏదీ పనిచేయలేదు’ అనేవాళ్లకూ ఇదే మందు.

3. రీడింగులు వండకండి

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ ప్రాక్టికల్స్ ఎలా నడుస్తాయో చాలామందికి తెలుసు. లఘులోలకం ప్రయోగంలో g (గురుత్వ త్వరణం) విలువ 980 సెం.మీ./సె² రావాలి. కాబట్టి ముందు 980 రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి రీడింగులు వండుతారు. నిజంగా చేసినవాడికి 960 వచ్చిందనుకోండి, అదే అసలు సంపద. దారం పొడవు 49 సెంటీమీటర్లు కొలిచి, గోళం మధ్య వరకు ఉన్న ఇంకో సెంటీమీటరు కలపడం మరిచిపోతే దాదాపు 960 వస్తుంది. ఆ 20 తేడాకు కారణం వెతికి పట్టుకున్నవాడికి లోలకం పొడవును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెద్ద యంత్రాలకూ ఈ లెక్క వర్తిస్తుంది. మిషిగన్ పొరుగు రాష్ట్రం ఒహాయోలోని సెడార్ పాయింట్ పార్కులో ‘మిలీనియం ఫోర్స్’ అనే రోలర్ కోస్టర్ 2000 నుంచి నడుస్తోంది. అది 300 అడుగులు కిందికి దూకుతుంది. ఘర్షణ లేదనుకుంటే అడుగున వేగం గంటకు సుమారు 95 మైళ్లు రావాలి. దాని ప్రకటిత వేగం 93. ఆ రెండు మైళ్ల తేడాను చూసి లెక్క తప్పిందనుకోనక్కర్లేదు. గాలి, పట్టాలు, చక్రాలు ఎంత తినేశాయన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. తేడాను చెరిపేస్తే ప్రశ్న కూడా పోతుంది. నచ్చని అంకె మీద ఒక గీత గీయండి చాలు, కింద అంకె కనిపించాలి.

4. చిన్నదైనా మీ చేత్తోనే

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి కారులో గంట లోపే ఆన్ ఆర్బర్ చేరొచ్చు. అక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1952లో డొనాల్డ్ గ్లేజర్ అనే యువ భౌతిక శాస్త్రవేత్త చిన్న గాజు బుడ్డిలో ఈథర్ నింపి, కంటికి కనిపించని కణాలు వెళ్లిన దారిని బుడగల వరుసగా చూపించాడు. అదే బబుల్ చాంబర్. దానికి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. 1950ల దశాబ్దం పూర్తయ్యేలోపే బర్క్‌లీలో 72 అంగుళాల బబుల్ చాంబర్ కట్టారు. మొదటిది అరచేతిలో పట్టేదే.

ఈ నాలుగో మాట తల్లిదండ్రులకు కూడా. ఇంజినీరు నాన్న గ్యారేజీలో అర్ధరాత్రి దాకా కూర్చుని చేసిచ్చిన కారు అన్నిటికంటే దూరం వెళ్తుంది. పిల్లవాడు మాత్రం ఉన్నచోటే ఉంటాడు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఏం జరుగుతుందనుకున్నావు? ఏం జరిగింది? తేడా ఎక్కడ వచ్చింది? గ్రూపు ప్రాజెక్టయితే పిల్లలకు ఇంకో మాట: స్లైడ్లు చేసే పనికే పరిమితం కావద్దు. కత్తెర, జిగురు, స్టాప్‌వాచ్ తలా కాసేపు పట్టుకోండి.

ల్యాబ్ దాటి కూడా

ఆంధ్ర, తెలంగాణల్లో ఈఏపీసెట్‌కు (పాత ఎంసెట్) చదివేవాళ్లకు ఇవన్నీ తీరిక పనుల్లా అనిపించొచ్చు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. ఎగ్ డ్రాప్‌కు టైమెక్కడిది? వద్దు, అలవాటు ఒక్కటే తీసుకోండి. మాక్ టెస్టుకు ముందు ఏ చాప్టర్లో ఎన్ని సరిగ్గా చేస్తారో రాసుకోండి. థర్మోడైనమిక్స్‌లో అయిదుకు అయిదు అనుకుని రెండే వస్తే, వచ్చనుకున్నది రాదని పరీక్షకు ముందే తెలుస్తుంది. రాదని తెలిసిన చాప్టర్ ఎలాగూ చదువుతారు. ముంచేది వచ్చనుకున్న చాప్టరే.

ఈ వారమే ఒక నోట్‌బుక్ తీయండి. ఎడమ పేజీలో అంచనా, కుడి పేజీలో ఫలితం. ఎడమ పేజీలో తేదీ వేసి రెండు వాక్యాలు రాయనిదే కుడి పేజీ జోలికి వెళ్లకండి. నెలాఖరున రెండు పేజీలూ పక్కపక్కన చదవండి. ఎక్కడ ఎక్కువ తేడా కనిపిస్తే వచ్చే నెల చదువు అక్కడ మొదలుపెట్టండి.