పాత ట్రాక్టర్‌కు అదనపు లైట్లు: ఫ్యూజు, రిలేతో వైరింగ్ ఎలా చేయాలి?



సోయా కోతలు, పత్తి ఏరుడు మొదలైతే మన కంగ్టి దిక్కు ట్రాక్టర్‌కు రాత్రి పని తప్పదు. ప్రకృతి సేద్యం చేసేటోళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. జీవామృతం, కషాయాలు ఎండ తగ్గినంకనే కొడతాం. డ్రమ్ములు కడిగి బయల్దేరేసరికి చీకటి పడుతది. 20, 25 ఏళ్ల ట్రాక్టర్‌కు ఉన్న లైట్లు దీనికి సరిపోవు. చాలామంది రెండు లైట్లు కొని, చేతికందిన వైరుకు కలిపేస్తారు. లైటైతే వెలుగుతది గానీ, లోపల వైరు వేడెక్కుతుంటది. వెనక ట్రాలీలో ఉండేది పత్తి, సోయా పొట్టు. ఒక్క నిప్పురవ్వ చాలు.

బిగించే పని వీడియోలో చూపించాను. అలా ఎందుకు బిగించాలో ఇక్కడ లెక్కతో చూద్దాం.

ముందు లెక్క

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హాలోజన్ లైట్లు రెండు పెడితే 110 వాట్లు. 12తో భాగిస్తే 9 ఆంపియర్లు దాటుతుంది. అదే 18 వాట్ల ఎల్‌ఈడీలు రెండైతే 36 వాట్లు, అంటే 3 ఆంపియర్లే. పాత డైనమో, పాత బ్యాటరీ ఉన్న బండికి ఎల్‌ఈడీయే మేలు. 75 ఏహెచ్ బ్యాటరీ నిండుగా ఉన్నా, ఇంజిన్ ఆపి హాలోజన్లు 4 గంటలు వెలిగిస్తే సగం ఖాళీ అవుతుంది. తెల్లారి సెల్ఫ్ కొట్టదు.

వైరు మందం కూడా చూడాలి. 4 మీటర్ల దూరానికి అర చదరపు మిల్లీమీటర్ రాగి వైరు వేసి 9 ఆంపియర్లు పంపితే, దారిలోనే దాదాపు 1.4 వోల్టులు పోతాయి. హాలోజన్ వెలుగు సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఆ పోయిన కరెంటే వైరులో వేడిగా మారుతుంది. హాలోజన్లకు 2.5, ఎల్‌ఈడీలకు 1.5 చదరపు మిల్లీమీటర్ రాగి వైరు తీసుకోండి.

రిలే ఎందుకు?

పాత డ్యాష్‌బోర్డు స్విచ్చు, దాని వైర్లు కంపెనీ ఇచ్చిన లైట్ల కోసమే చేసినవి. కొత్త లోడు వాటి మీద వేయొద్దు. రిలే పెడితే స్విచ్చు గుండా ఒక ఆంపియర్‌లో చిన్న భాగమే పోతుంది. అసలు లోడు బ్యాటరీ నుంచి నేరుగా లైటుకు చేరుతుంది. నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలే మీద అంకెలు రాసి ఉంటాయి:

- 30: బ్యాటరీ ప్లస్ నుంచి, ఫ్యూజు దాటి వచ్చే వైరు
- 87: లైట్ల ప్లస్‌కు
- 86: తాళం చెవి తిప్పితేనే కరెంటు వచ్చే లైను నుంచి, చిన్న ఫ్యూజు, కొత్త స్విచ్చు మీదుగా
- 85: ఎర్త్‌కు

చెవి తీస్తే లైట్లు కూడా ఆరిపోతాయి, మరిచిపోయే భయం లేదు.

ఫ్యూజు కాపాడేది వైరును

ఫ్యూజు లైటు కోసమని చాలామంది అనుకుంటారు. అది ఉండేది వైరు కాలకుండా. అందుకే బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే పెట్టాలి. ఫ్యూజు కంటే ముందున్న వైరు బాడీకి రాసుకుంటే ఆపేది ఏదీ ఉండదు. పైన చెప్పిన హాలోజన్లకు 15, ఎల్‌ఈడీలకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు పోతే కారణం వెతకండి. దాని జాగాలో తీగ ముక్క, సిగరెట్ పెట్టె రేకు పెట్టొద్దు.

పని వరుస

1. బాడీకి కలిసిన బ్యాటరీ వైరును మొదట విప్పండి, చివర బిగించండి. పాత బండ్లలో ఏది బాడీకి ఉందో చూసుకోండి. ఈ వరుసలు మైనస్ ఎర్త్ బండికి చెప్పినవి.
2. ఎర్త్ పెట్టే చోట రంగు, తుప్పు గీకి ఇనుము మెరిసేలా చేయండి. మసక వెలుగుకు చాలాసార్లు ఎర్తే కారణం.
3. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టొద్దు. లగ్గులు ప్లయర్‌తో గట్టిగా నొక్కండి.
4. సైలెన్సర్, ఫ్యాన్, లిఫ్ట్ చేతులకు దూరంగా వైరు తీయండి. రేకు రంధ్రంలోంచి పోయే చోట రబ్బరు బుష్ వేయండి.
5. అరగంట వెలిగించి ఫ్యూజు హోల్డర్, జాయింట్లు ముట్టుకోండి. కాలేంత వేడిగా ఉంటే అక్కడ పట్టు సరిగా లేదు. లైట్లు వేసి, ఇంజిన్ మీడియం స్పీడులో ఉండగా మల్టీమీటర్ బ్యాటరీ దగ్గర 13.5 వోల్టుల పైన చూపించాలి. 13 కంటే తగ్గితే లోడు ఎక్కువైనట్టు, లేదా చార్జింగ్ సరిగా లేనట్టు.

రోడ్డెక్కితే

ఈ లైట్లు చేను కోసమే. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 111వ నియమం ప్రకారం బండి ముందు స్పాట్ లైటు పెట్టాలంటే రిజిస్టర్ చేసే అధికారి అనుమతి ఉండాలి, అదీ ప్రత్యేక పరిస్థితుల్లోనే. వెనక తెల్ల లైటు వెలిగించి పోతే వెనకొచ్చే బైకు మనిషికి కళ్లు చెదురుతాయి, ట్రాలీ కనపడదు. సంగారెడ్డి-అకోలా 161 హైవే ఎక్కేటప్పుడు వర్క్ లైట్లు ఆపేయండి. ట్రాలీకి ఎర్ర టెయిల్ ల్యాంపు, మెరిసే స్టిక్కర్లు మాత్రం తప్పనిసరి.

ఇంకో మాట. లైటుకు శనగపచ్చ పురుగు రెక్కల పురుగులు వస్తాయి. దీపపు ఎర పనిచేసేది అందుకే కదా. పూత మీదున్న కంది చేను పక్కన వర్క్ లైట్లు ఊరికే వెలిగించి వదిలేయకండి.

మీ ట్రాక్టర్‌కు బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందో లేదో ఈరోజే బానెట్ లేపి చూడండి. లేకపోతే పత్తి లోడు ఎత్తేలోపు అది పెట్టించండి.