పెరటిలో తోటకూర మడి

ఈమధ్య ఒక గ్రామములో, ప్రత్తి చేనికి మందు కొట్టి వచ్చిన రైతు స్ప్రేయరులో మిగిలిన మందును పెరటిలోని తోటకూరపై కొట్టుచుండగా చూచితిని. కూరకు పురుగు పట్టినదనియు, మందు పారబోయుటకు మనసొప్పలేదనియు ఆయన చెప్పెను. ప్రత్తిని ఎవరును తినరు. తోటకూరను మరునాడే కోసి పిల్లలకు వండిపెట్టుదుము. చేనికి సరిపడునంత మందే కలుపుకొనుడు. ఆ స్ప్రేయరును ఆకుకూరల దగ్గరకు తీసికొని రావలదు.

తోటకూర 25-30 రోజులకే కోతకు వచ్చును. పెరడంతయు ఒకేసారి చల్లినచో ఇంటివారు తినలేక మిగిలిన ఆకు ముదిరి పురుగుల పాలగును. అందుచే 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల మళ్ళు మూడు చేసి, 15 రోజుల కొకటి చొప్పున చల్లవలెను. మడికి రెండు గంపల చివికిన పశువుల ఎరువు కలుపుడు. విత్తనము ఆవాలకంటె సన్నము. మడికి 2 గ్రాములు చాలును. పదింతల ఇసుకతో కలిపి చల్లి, పలుచగ మట్టి కప్పి, నీరు చేతితో చిలకరింపుడు. ధారగా పోసిన విత్తనమంతయు ఒక మూలకు చేరును. మొలచువరకు చీమలను కనిపెట్టవలెను. మొలక పలుచనైనప్పుడు విత్తనమును నిందింతుము గాని, పలుమార్లు నేను చూచినది చీమల పనియే.

బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారి అర్క సుగుణ రకమును నేలకు నాలుగు వ్రేళ్ళ ఎత్తున కోసిన మరల చిగిర్చును; తెల్లత్రుప్పు తెగులును కొంతవరకు తట్టుకొనును. ఆకు అడుగున తెల్లని పొక్కులే ఈ తెగులు గుర్తు. అట్టి ఆకులను త్రుంచివేసి, నీటిని ఆకులపై గాక మొదళ్ళకే పెట్టుడు.

పురుగులను తెల్లవారగనే చేతితో ఏరవచ్చును. ఇంత చిన్న మడికి అది పెద్ద పనికాదు. మించినచో 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి పిండి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లుడు. దీనికి వేరొక చేతిపంపు వాడవలెను. కోత కోసిన వెంటనే చల్లినచో మరుకోత నాటికి చేదుండదు.

ఆకును తరుగకముందే కడుగుడు. ఉడికిన నీరు పారబోయకుడు. ఇందలి కెరోటిను ఒంటిలో ఏ విటమినుగా మారి పిల్లలను రేచీకటినుండి కాపాడును. అది ఒంటబట్టుటకు కూరలో కొంచెము నూనె యుండవలెను. అంగన్‌వాడీ ఆవరణలో నీరు, ఖాళీ స్థలము ఉన్నచోట పంచాయతీవారు ఇట్టి మళ్ళు వేయింపవచ్చును.

చలికాలమున పూత త్వరగా వచ్చును. కంకి కనబడగనే త్రుంచుచు, బలమైన రెండు మొక్కలను మాత్రము విడిచినచో మరుసటి ఏటికి విత్తనము కొననక్కరలేదు.