పెట్రోలును మోయడానికి ఎంత శక్తి కావాలి?

పెట్రోలు బంకులో ట్యాంకరు లారీ ఆగి, లావుపాటి గొట్టంతో భూమిలోని ట్యాంకును నింపడం మీరు చూసే ఉంటారు. ఆ లారీ మోసుకొచ్చింది ఇంధనాన్ని. అది నడవడానికి కావలసిందీ ఇంధనమే. అంటే ఇంధనాన్ని మన దగ్గరకు చేర్చడంలోనే కొంత ఇంధనం ఖర్చయిపోతున్నదన్నమాట. ఈ ఖర్చును తగ్గించడం ఎలా? మీరు బడిలో చదివే ఘర్షణ, పీడనం, పని అనే పాఠాల్లోనే దీనికి జవాబు ఉంది.

లారీ లెక్క

ఒక లారీలో 20,000 లీటర్ల డీజిలు పడుతుందనుకుందాం. లీటరు డీజిలు బరువు 0.83 కిలోలు అనుకుంటే మొత్తం సరుకు 16.6 టన్నులు. ఖాళీ లారీ బరువు 9 టన్నులు అనుకుందాం. 100 కిలోమీటర్లు వెళ్లేటప్పుడు 25.6 టన్నులు కదలాలి. వచ్చేటప్పుడు ఖాళీ లారీ 9 టన్నులు కదలాలి. బరువును దూరంతో గుణిస్తే రానూపోనూ 3,460 టన్ను-కిలోమీటర్లు అవుతుంది. ఇందులో సరుకు వంతు 1,660 మాత్రమే. సగానికి పైగా శ్రమ లారీ తనను తాను మోసుకోవడానికే సరిపోయింది!

ఉక్కు పట్టాలమీద ఉక్కు చక్రం దొర్లేటప్పుడు నిరోధం తక్కువ. కనుక రైలు లారీకన్నా నయం. కాని రైలు ట్యాంకులు కూడా ఖాళీగానే తిరిగి రావాలి. పెట్రోలు పోసిన ట్యాంకులో బియ్యం నింపి తేలేం గదా!

బండి కదలకుండా సరుకు మాత్రమే కదిలితే ఎలా ఉంటుంది? పైపులైనులో జరిగేది అదే. మన దేశంలో 1964లోనే గువాహటి నుంచి సిలిగురికి పెట్రోలియం ఉత్పత్తుల పైపులైను వేశారు. విశాఖపట్నం శుద్ధి కర్మాగారం నుంచి విజయవాడకు 1998లో, అక్కడి నుంచి సికింద్రాబాదుకు 2002లో హిందుస్థాన్ పెట్రోలియం సంస్థ పైపులైను వేసింది. దాని పొడవు సుమారు 570 కిలోమీటర్లు.

తప్పించలేని పని, తగ్గించగల పని

విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉంది. సికింద్రాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఒక కిలో డీజిలును 500 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి ఎంత పని చేయాలి? ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు, ఈ మూడింటినీ గుణించండి. 1 × 9.8 × 500 = 4,900 జౌళ్లు. కిలో డీజిలు మండితే సుమారు 4 కోట్ల 30 లక్షల జౌళ్ల ఉష్ణం వస్తుంది. అందులో ఎత్తుకు ఎక్కించే పని దాదాపు తొమ్మిదివేలవ వంతు మాత్రమే! ఈ పనిని ఎవరూ తప్పించలేరు. కాని దారి పొడవునా గొట్టం గోడలతోను, తనలో తానును ద్రవం పడే ఘర్షణను మాత్రం తగ్గించవచ్చు. ఇంజనీర్ల తెలివి అంతా ఇక్కడే కనబడుతుంది.

వ్యాసం మహిమ

గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేశామనుకోండి. అడ్డుకోత వైశాల్యం 4 రెట్లు అవుతుంది. కనుక అంతే ద్రవాన్ని పంపడానికి వేగం నాలుగో వంతు చాలు. పెద్ద గొట్టాలలో ప్రవాహం సుడులు తిరుగుతూ సాగుతుంది. అటువంటప్పుడు ఘర్షణ ఇంచుమించు వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. అంటే అది 16వ వంతుకు పడిపోతుంది. పైగా గొట్టం లావైనకొద్దీ, లోపలి ద్రవంతో పోలిస్తే గోడ భాగం తగ్గుతుంది. దానివల్ల మరో సగం తగ్గుతుంది. మొత్తంమీద ఘర్షణవల్ల పోయే పీడనం సుమారు 32వ వంతు అవుతుంది! అయితే లావు గొట్టానికి ఉక్కు ఎక్కువ కావాలి, ఖర్చూ ఎక్కువే. ఈ రెండింటినీ తూచి వ్యాసాన్ని నిర్ణయిస్తారు.

తొందరకు మూల్యం

రోజుకు పంపవలసిన డీజిలును 24 గంటలూ నిదానంగా పంపవచ్చు. లేదా 12 గంటలే రెట్టింపు వేగంతో పంపి, మిగతా 12 గంటలు పంపులు ఆపవచ్చు. రెండూ ఒకటేనా? కాదు. వేగం రెట్టింపైతే ఘర్షణను జయించే పీడనం 4 రెట్లు కావాలి. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే పని వస్తుంది. పంపే ఘనపరిమాణం మారలేదు. కనుక ఘర్షణకు పోయే శక్తి 4 రెట్లు అవుతుంది. సరుకు అంతే, రోజూ అదే, ఖర్చు మాత్రం నాలుగింతలు!

అలాగని మరీ నెమ్మదిగానూ పంపకూడదు. ఒకే గొట్టంలో పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు ఒకదాని వెనుక ఒకటి ప్రయాణిస్తాయి. మధ్యలో ఎలాంటి అడ్డూ ఉండదు. ప్రవాహం మరీ నెమ్మదిస్తే గొట్టం నడుమ ద్రవం ముందుకు, గోడల దగ్గరిది వెనక్కు పడి, వెనుక వచ్చే ద్రవం నాలుకలాగా ముందుదానిలోకి చొచ్చుకుపోతుంది. సుడులు తిరిగే ప్రవాహంలోనైతే అది దాదాపు గోడలాగా కదులుతుంది కనుక కలిసిపోయే భాగం తక్కువ. ఆ మిశ్రమాన్ని సాంద్రతను బట్టి కనిపెట్టి వేరే ట్యాంకులోకి మళ్లిస్తారు. దానిని తిరిగి శుద్ధి చేయవలసివస్తే మళ్లీ శక్తి ఖర్చే. అందుకే ఒకదానికొకటి దగ్గర గుణాలున్న సరుకులను పక్కపక్కన పంపుతారు.

మరికొన్ని ఉపాయాలు

ప్రవాహం తగ్గించవలసి వచ్చినప్పుడు పంపును పూర్తి వేగంతో తిప్పుతూ వాల్వును సగం మూయడం ఒక పద్ధతి. ఇది ఒక కాలితో బ్రేకు తొక్కుతూ, రెండో కాలితో యాక్సిలరేటరు నొక్కడంలాంటిది. దానికన్నా మోటారు వేగాన్నే తగ్గించడం మంచిది. గొట్టం లోపల పేరుకునే తుప్పును, మురికిని గోకే సాధనాన్ని అప్పుడప్పుడు ద్రవంతోపాటు పంపుతారు.

ఇంకొక వింత ఉంది. పొడవైన గొలుసుల్లాంటి అణువులున్న పాలిమరును ద్రవంలో చాలా కొద్దిగా కలిపితే సుడులు అణగి ఘర్షణ తగ్గుతుందని 1948లో టామ్స్ అనే శాస్త్రవేత్త తెలిపాడు. 1979లో అలాస్కా ముడిచమురు పైపులైనులో ఈ సూత్రాన్ని ఉపయోగించారు.

చివరి మజిలీ

పైపులైను ప్రతి బంకుకూ రాదు. డిపో నుంచి బంకు దాకా లారీయే గతి. అక్కడా ఆదా చేయవచ్చు. లారీని నిండుగా నింపాలి. గదులుగా విభజించిన ట్యాంకులో పెట్రోలు, డీజిలు ఒకేసారి తీసుకుపోవచ్చు. దగ్గరి డిపో నుంచే తేవాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. పెట్రోలు ఆవిరి కూడా ఇంధనమే. దానిని గాలిలోకి వదలకుండా మరో గొట్టంతో తిరిగి లారీ ట్యాంకులోకే పట్టుకోవచ్చు. అలా చేస్తే నష్టమూ తగ్గుతుంది, నిప్పు ప్రమాదమూ తగ్గుతుంది.

మీరే చేసి చూడండి

సమానమైన పొడవుగల రెండు ప్లాస్టిక్ గొట్టాలు తీసుకోండి. ఒకదాని లోపలి వ్యాసం రెండోదానికి రెట్టింపు ఉండాలి. బల్లమీద బకెట్టులో నీళ్లు పోసి, ఒక్కొక్క గొట్టంతో కింద ఉన్న లీటరు సీసాను నింపండి. పట్టిన కాలం రాసుకోండి. ప్రతిసారీ బకెట్టులో నీటిమట్టం ఒకేలా ఉండాలి. సన్న గొట్టం వైశాల్యం నాలుగో వంతు కనుక కాలం 4 రెట్లే పడుతుందనుకుంటాం. నిజంగా ఎంత పట్టింది? నీళ్లతోనే చేయండి. పెట్రోలుతోగాని, కిరసనాయిలుతోగాని ఎన్నడూ చేయవద్దు.

ఆలోచించండి

1. గొట్టం వ్యాసం 3 రెట్లయితే, అంతే ప్రవాహానికి ఘర్షణవల్ల పోయే పీడనం ఎన్నో వంతుకు తగ్గుతుంది?
2. రోజుకు 8 గంటలే పంపు నడిపి అంతే సరుకు పంపితే, 24 గంటల పద్ధతికన్నా ఘర్షణకు ఎన్ని రెట్లు శక్తి పోతుంది?
3. మీ ఇంటిమీద నీళ్ల ట్యాంకుకు సన్న గొట్టం వేస్తే కరెంటు ఖర్చు ఎందుకు పెరుగుతుంది?